విశాఖలో డేలిల్లీ పూయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. మాది పెదవాల్తేరు. మేడ మీద కుండీల్లో డేలిల్లీలు పెంచుతున్నాను, కడియం నర్సరీల నుంచి తెచ్చినవి. ఆకు గడ్డిలా దుబ్బుగా వస్తోంది కానీ మొగ్గకాడ జాడే లేదు. పక్కనే ఉన్న రెయిన్ లిల్లీలు ఒక్క వాన పడితే చాలు, విరగబూస్తాయి. మెట్టతామరలకైతే అడ్డూ అదుపూ లేదు. డేలిల్లీ పువ్వు ఒక్కరోజే ఉంటుందని తెలుసు. ఆ ఒక్కరోజు కోసమే ఈ తిప్పలన్నీ!

చలికాలంలో ఆకు ఎండిపోయి నిద్రపోయే రకాలకి గట్టి చలి కావాలట, మన ఊళ్లో అదెక్కడిది? మావి జనవరిలోనూ పచ్చగానే ఉన్నాయి కాబట్టి ఆ రకం కాదనే అనుకుంటున్నా. నా అనుమానమల్లా ఎండ మీదే. వీటికి రోజుకి 6 గంటలైనా నేరుగా ఎండ తగలాలంటారు. మధ్యాహ్నం దాటితే మా కుండీల మీద వాటర్ ట్యాంకు నీడ పడుతుంది. వర్మీకంపోస్టు ఎక్కువైనా ఇలా ఆకే పెరుగుతుందా?

ఇంకో టెన్షన్. ఈమధ్య కింది ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తోంది. వేలితో రుద్దితే పసుపులా అంటుకుంటోంది. ఇది తుప్పు తెగులేనా? ఆ ఆకులు కోసి పారేస్తే సరిపోతుందా, మందు కొట్టాలా? దుబ్బులు విడదీసి నాటడం వానలకి ముందు మేలా, తగ్గాకా? సముద్రపు గాలి తగిలే ఇళ్లలో పెంచేవాళ్లు చెబితే ఇంకా మంచిది.