జైల్లో క్లాసులు: కరోనా లాంటిది మళ్లీ వస్తే ఎలా నడపాలి?

ప్రశ్న (మలక్‌పేట టీచర్):

నమస్కారమండీ. మాది ఐదారుగురం కలిసి నడుపుకునే చిన్న సంస్థ. సిటీలోని ఒక జైల్లో చదువు రానివాళ్లకి అక్షరాలు, కొందరికి కుట్టుపని నేర్పుతున్నాం. ఈసారి పర్మిషన్ రెన్యువల్‌కి వెళ్తే, "కరోనా లాంటిది మళ్లీ వస్తే మీ ప్రోగ్రాం ఎలా నడుపుతారో రాసి తెండి" అన్నారు. 2020 మార్చిలో అయితే ప్లానూ లేదు గీనూ లేదు, ములాఖత్‌లతో పాటు బయటివాళ్లందరినీ ఆపేశారు. అప్పటికి అది తప్పనిసరి. కానీ నెలల తరబడి క్లాసు లేకపోతే, కూడబలుక్కుంటూ పేరు రాయడం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ వేలిముద్రకే వెళ్లిపోతారు. పూర్తిగా మూసేయకుండా నడిపే దారి కావాలి.

మాస్కు, శానిటైజర్, ఆరడుగుల దూరం అని రాయబోయి ఆగిపోయాను. రాత్రి బ్యారక్‌లో పక్క పక్కనే పడుకునేవాళ్లని పగలు క్లాసులో ఎడంగా కూర్చోబెడితే ఒరిగేదేంటి? లోపల పనిచేసినవాళ్లు, డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

రిటైర్డ్ హెడ్ వార్డర్:

మేడమ్, మీ అనుమానం సరైనదే. ఒకే బ్యారక్‌లో పడుకునేవాళ్లని ఒకే ఇంట్లో మనుషుల కింద లెక్కేసుకోండి. వాళ్ల మధ్య దూరం గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. రెండు బ్యారక్‌లు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూడాలి. వంటశాల, జైలు ఆస్పత్రి, ములాఖత్, ఫ్యాక్టరీ. వీటి తర్వాత మీ క్లాసే. మామూలు రోజుల్లో నాలుగు బ్యారక్‌ల వాళ్లు ఒక గదిలో కూర్చునేది అక్కడే. కాబట్టి మీ ప్లాన్‌లో మొదటి వాక్యం ఇది: ఒక క్లాసుకి ఒకే బ్యారక్. ఇంకో బ్యారక్‌కి ఇంకో రోజు.

రిమాండ్ వాళ్లని, శిక్షపడ్డవాళ్లని అస్సలు కలపొద్దు. శిక్షపడ్డవాళ్లు ఉన్నచోటే ఉంటారు. రిమాండ్ వాళ్లు రోజూ కొత్తగా వస్తుంటారు, కోర్టుకి వెళ్లొస్తుంటారు, బెయిల్ మీద పోతుంటారు. కొత్తగా అడ్మిషన్ అయినవాళ్లని కరోనా టైంలో 14 రోజులు విడిగా ఉంచేవాళ్లు. వాళ్లకి క్లాసు పెట్టకండి, పలకా పుస్తకం పంపండి. జబ్బును బట్టి ఆ రోజులు మారతాయి. అంకె వేయకుండా "మెడికల్ ఆఫీసర్ చెప్పినన్ని రోజులు" అని రాయండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఖైదీ గోడ దాటి బజారుకి పోడు. జబ్బు లోపలికి రావాలంటే కొత్త అడ్మిషన్, మా స్టాఫ్, సరుకుల బండి, మీలాంటి బయటివాళ్లు. దాదాపు ఇవే దారులు. పొద్దున చంచల్‌గూడ, మధ్యాహ్నం చర్లపల్లి అని తిరిగే ఉత్సాహవంతులు ఉంటారు. జబ్బు రోజుల్లో అది కుదరదు. ఒక టీచర్‌కి ఒకటే జైలు అని రాసి సంతకం పెట్టండి. ఆఫీసర్లకి సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

జైలు ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్:

వార్డర్ గారు చెప్పింది ఎంత ముఖ్యమో తెలియాలంటే శాన్ క్వెంటిన్ జైలు సంగతి చదవాలి. 2020 మే చివర్లో కాలిఫోర్నియాలో, కరోనా పాకిన ఒక జైలు నుంచి వందమందికి పైగా ఖైదీలని ఆ జైలుకి మార్చారు. వాళ్లని కాపాడదామనే మార్చారు. బస్సెక్కే ముందు పరీక్షలు చేసిన మాట నిజమే, కానీ చాలామందివి వారాల కిందటి రిపోర్టులు. అప్పటిదాకా ఖైదీల్లో ఒక్క కేసూ లేని శాన్ క్వెంటిన్‌లో 2,000 మందికి పైగా అంటుకుంది. 28 మంది ఖైదీలు, ఒక ఉద్యోగి చనిపోయారు. అందుకే "నెగెటివ్ ఉన్న వాలంటీర్లనే పంపుతాం" అని ఊరికే రాయకండి. ఏ రోజు రిపోర్టు? ఆ పొద్దున చేసిందే లెక్క. అది నెగెటివ్ వచ్చినా గొంతు గరగరలాడుతుంటే ఆ రోజు ఇంటి దగ్గర ఉండిపోవాలి.

ఇక గాలి. మొదట్లో మేమంతా తలుపు గొళ్లేలు తుడిచాం, పుస్తకాలు ఎండలో పెట్టాం. కరోనా ముఖ్యంగా గాలిలోనే పాకుతుందని తర్వాత తేలింది. పుస్తకాల మీద పెట్టే శ్రమ గది మీద పెట్టండి. ఆఫీసర్ల అనుమతితో, ఎవరూ లేనప్పుడు క్లాసు గదిలో ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ కిటికీ వైపు సాగి బయటికి పోతే ఫర్వాలేదు. మనిషి తల ఎత్తులో అక్కడక్కడే సుళ్లు తిరుగుతుంటే ఆ గది వద్దు. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, మార్చదు. ఒక కిటికీలో బయటికి ఊదే ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురు గోడకి తెరిచిన తలుపు ఉంటే చాలా తేడా వస్తుంది. అన్నిటికన్నా మంచిది చెట్టు కింద. మన ఎండలకి మేలో పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపే కుదురుతుంది, వానల్లో వరండా.

కుట్టు మిషన్లు ఎదురెదురుగా ఉంటే అన్నిటినీ ఒకే వైపు తిప్పించండి. భజనలు, పాటలు ఉంటే గదిలో మాత్రం వద్దు. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగానం రిహార్సల్‌కి 61 మంది వస్తే 53 మందికి జబ్బు వచ్చింది. గొంతెత్తి పాడేటప్పుడు మామూలు మాట కన్నా ఎక్కువ తుంపర బయటికొస్తుంది. బాలశిక్ష పాఠం అందరి చేత ఒకేసారి గట్టిగా చదివించడం కూడా అలాంటిదే. ఆ అలవాటు ఆరుబయట ఉంచుకోండి.

మాస్కుల దగ్గర ఒక చిన్న చిక్కు. ముక్కు మీద నొక్కుకోవడానికి సన్నని లోహపు తీగ ఉంటుంది కదా, గేటు దగ్గర దాన్ని చూసి మొత్తం పెట్టెనే ఆపేయొచ్చు. ఆ తీగ లాగేస్తే మాస్కు ముక్కు దగ్గర తెరుచుకుని పనికిరాకుండా పోతుంది. ముందే ఒక శాంపిల్ చూపించి, ఏ రకం ఒప్పుకుంటారో రాతలో తీసుకోండి. ప్లాస్టిక్ పట్టీ ఉన్నవి కూడా దొరుకుతాయి.

అసలు విషయం ఇప్పుడు. మీ క్లాసుకి "వరసగా మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తాం" లాంటి రూల్ ఉందా? ఉంటే జబ్బు రోజుల్లో అదే మీ కొంప ముంచుతుంది. జ్వరం ఉందని చెప్తే క్లాసు పోతుంది, ఫ్యాక్టరీలో రోజు కూలి పోతుంది, పైగా తీసుకెళ్లి ఒంటరి గదిలో పెడతారు. ఇవన్నీ తెలిసి ఎవడు చెప్తాడు? పారాసెటమాల్ ఒకటి ఎలాగో సంపాదించి మింగి క్లాసులో కూర్చుంటాడు. థర్మామీటరు వాణ్ని పట్టుకోలేదు. ప్లాన్‌లో ఇది స్పష్టంగా రాయండి: ఒంట్లో బాగోలేదని చెప్పినవాళ్ల హాజరు పోదు, సీటు పోదు, కోలుకున్నాక అదే పాఠం నుంచి మొదలుపెడతారు. కూలి సంగతి మీ చేతిలో లేదు కానీ అడగండి, అడిగితే పోయేదేం లేదు.

జబ్బు చేసినవాణ్ని విడిగా ఉంచడం వేరు, శిక్షగా ఒంటరి సెల్‌లో పెట్టడం వేరు. ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాల్లో వరసగా 15 రోజులు దాటిన ఏకాంత నిర్బంధం నిషేధం. రెండిటికీ ఒకే గది వాడితే ఖైదీకి తేడా ఎలా తెలుస్తుంది? విడిగా ఉన్నవాళ్లకి రోజూ ఒక పాఠం కాగితం, ఇంటికి ఫోన్ అందేలా చూడమని కోరండి. పాఠం కాగితం వరకూ బాధ్యత మీదే పెట్టుకోండి.

ఐటీ ఉద్యోగి, మాదాపూర్:

ఇంత తలనొప్పి ఎందుకండీ? వీడియో క్లాసులు పెట్టేస్తే పోలా? నాలుగు ట్యాబ్‌లు మేమే స్పాన్సర్ చేస్తాం.

రిటైర్డ్ హెడ్ వార్డర్:

మంచి మనసుతో అన్నారు సార్, కాదనను. కానీ నెట్ ఉన్న ట్యాబ్ బ్యారక్‌లోకి పంపడం అంటే ఫోన్ పంపినట్టే. లోపల వీడియో సిస్టమ్‌లు ఉన్నాయి, కానీ జబ్బు రోజుల్లో వాటికి అసలు ఊపిరాడదు. కోర్టు వాయిదాలు వాటి మీదే, ఇంటివాళ్లతో ఈ-ములాఖత్ వాటి మీదే. అక్షరాల క్లాసు కోసం ఒకడి బెయిల్ వాయిదా స్లాట్ ఎలా తీసుకుంటాం? నెట్ లేకుండా, పాఠాలు ముందే రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే బ్యారక్ టీవీలో వేయడానికి ఒప్పుకోవచ్చు. మీ స్పాన్సర్ డబ్బు అటు పెట్టండి.

ఓపెన్ యూనివర్సిటీ కౌన్సెలర్:

టీచర్ గారూ, మీరు వెళ్లలేని నెలల కోసం ఇప్పుడే మనుషుల్ని తయారుచేసుకోండి. తెలంగాణ జైళ్లలో విద్యాదానం అనే అక్షరాస్యత కార్యక్రమం నడిచిందే అలా, చదువొచ్చిన ఖైదీలే రానివాళ్లకి నేర్పారు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ లోపలే చదువుతున్నవాళ్లు ఉంటారు, వాళ్లని వెతకండి. ఒక్కో బ్యారక్‌కి ఇద్దరు కావాలి. ఒక్కరే అయితే అతనికి బెయిల్ వచ్చిన రోజు మీ క్లాసు ఆగిపోతుంది. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ఆదేశంతో రాష్ట్రాల్లో హైపవర్ కమిటీలు వేసి, రద్దీ తగ్గించడానికి చాలామందిని పెరోల్ మీద, మధ్యంతర బెయిల్ మీద పంపారు. జైలుకి అది మంచిదే. అయితే ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులవాళ్లు ముందు బయటికెళ్తారు కాబట్టి, మీ ఇద్దరిలో ఒకరు దీర్ఘకాల శిక్ష ఉన్నవారైతే నయం.

పాఠం కాగితాలు వారానికి ఒక కట్టగా కుట్టి ఇవ్వండి. స్టాపుల్ పిన్ను కూడా గేటులో ఆపుతారు. పెద్ద అక్షరాలు, ఒక పేజీకి ఒకే పని. అక్షరాలు దిద్దడం వరకూ ఇది బాగానే నడుస్తుంది. కుట్టుపని మాత్రం కాగితం మీద రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మహిళా జైలు వాలంటీర్:

చంచల్‌గూడ మహిళా జైలు లాంటి చోటైతే పిల్లల్ని మర్చిపోవద్దు. ఆరేళ్లు వచ్చేదాకా పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు, 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఇది ఉంది. తల్లి క్లాసులో కూర్చుంటే పిల్లాడు అన్ని బ్యారక్‌ల పిల్లలతో ఆడుతుంటాడు. మనం గీసిన గీతలన్నీ వాడు దాటేస్తాడు. ఐదేళ్ల లోపు పిల్లలకి మాస్కు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, పెట్టినా ఉంచుకోరు. తల్లి బ్యారక్ ఏ రోజు క్లాసుకి వస్తే పిల్లల ఆట కూడా ఆ రోజే, అదే ఆవరణలో పెట్టండి.

మలక్‌పేట టీచర్:

అందరికీ చాలా థ్యాంక్సండీ. మూడుసార్ల రూల్ మాకు ఉంది, తీసేస్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. శానిటైజర్ ఎంత పంపాలి? ఒక కేసు వస్తే క్లాసులు మొత్తం ఆపాలా?

జైలు ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్:

శానిటైజర్ పంపకండి. సబ్బు పంపండి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. బయట ఊళ్లోనే అలా జరిగితే, తాగుడు అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానేయాల్సి వచ్చే చోట సీసా ఎలా పెడతాం? పైగా నిప్పంటుకునే సరుకు. మీకు కావాలంటే గేటు బయట వాడుకుని లోపలికి రండి. శుభ్రం చేయడానికి బ్లీచింగ్ వాడితే బాత్రూం యాసిడ్‌తో కలపకుండా చూడమనండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఒక కేసు వస్తే ఆ బ్యారక్ క్లాసు ఆగుతుంది, మిగతావి ఆగవు. రెండు వేర్వేరు బ్యారక్‌లలో ఒకే వారంలో కేసులు వస్తే కొన్నాళ్లు అన్నీ ఆపి కాగితాలకి మారండి, అంటే కలిసే చోటు ఇంకేదో ఉందన్నమాట. మీ టీచర్లలో ఎవరికైనా జబ్బొస్తే వాళ్లు ఏ తేదీన ఏ బ్యారక్‌కి వెళ్లారో ఆ రోజే మెడికల్ ఆఫీసర్‌కి చెప్పాలి. దానికి ఒక రిజిస్టర్ పెట్టుకోండి. జబ్బు చేసిన ఖైదీల పేర్లు మాత్రం మీ రిజిస్టర్‌లోకి రానివ్వద్దు.

రిటైర్డ్ హెడ్ వార్డర్:

ఆపాలా నడపాలా అన్న నిర్ణయం మీదని రాయకండి మేడమ్. "మెడికల్ ఆఫీసర్ సలహాపై సూపరింటెండెంట్ గారి ఆదేశం ప్రకారం" అని రాయండి. మళ్లీ మొదలుపెట్టే తేదీ కూడా ఆ ఆదేశంలోనే ఉండాలని ఒక ముక్క చేర్చండి. ఆపమని కాగితం వెంటనే వస్తుంది, మొదలుపెట్టమని కాగితం ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు.