ఏ వేదంబు పఠించె... సాలెనా, లూతనా?

తోటమాలి: తెల్ల చామంతి మీద తేనెటీగ ఎంతకీ కదలకపోతే వంగి చూశాను. దాని మెడ పట్టుకుని అదే తెలుపులో ఒక సాలెపురుగు! గూడు లేదు. ముందు రెండు జతల కాళ్లు పొడవుగా పక్కలకి చాచింది. అప్పట్నుంచి శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ధూర్జటి పద్యం బుర్రలో తిరుగుతోంది. ‘పఠించె సాలె’ అనా, ‘లూత’ అనా? పురుగు పేరు తెలిసినా చెప్పండి.

ఛందోమిత్ర: లూత అండీ, అంటే సాలెపురుగే. ‘ఏ వేదంబు పఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ సూచెఁ దా’. అసలు గొడవంతా ఆ ‘బే’ దగ్గర. ‘భుజగంబే’ అని ఒత్తి చదివితే ప్రశ్నే పోతుంది. భుజగంబు, ఏ శాస్త్రముల్? పాము ఏ శాస్త్రాలు చూసిందని అడగడం. మొదటి ‘ఏ’కి పదమూడో అక్షరంలో యతి (పాదం మొదటి అక్షరంతో పొందిక) దీనితోనే కుదిరింది.

పాతపుస్తకం: యతి సరే. ‘సాలె’ పెట్టినా అక్కడి జగణం (లఘువు, గురువు, లఘువు) చెడదు కదా! అయినా లూతే ఎందుకన్నాడు? సంస్కృత నిఘంటువు అమరకోశంలో సాలీడు పేర్లు చూడండి: ‘లూతా స్త్రీ తంతువాయోర్ణనాభమర్కటకాః సమాః’. తంతువాయలో నేత ఉంది, ఊర్ణనాభలో ఉన్ని ఉంది, మన సాలెలోనూ నేతే. లూతలో అవేవీ వినిపించవు. ఏ విద్యా రాని జీవి అని చెప్పే చోట నేతవిద్య గుర్తొచ్చే మాట ధూర్జటి వేయడు.

ఛందోమిత్ర: శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ పురుగు శివుడికి దారాలతోనే గుడి కట్టింది. దాని భక్తే నేత. దాచడమెందుకు?

వ్యాకరణాభిమాని: లూ ధాతువుకి కోయడం అని అర్థం. కొరికేది కాబట్టి లూత.

పాతపుస్తకం: ఆ ధాతువుకి ‘చేయబడిన’ అనే అర్థమిచ్చే క్త ప్రత్యయం చేరితే ‘లూన’ అవుతుంది సార్, లూత కాదు.

పురుగులబడి: తోటమాలి గారూ, అది పీత సాలీడు. పక్కకీ నడుస్తుంది. పొట్ట త్రికోణంలా ఉండి వెనక మూలల్లో రెండు బొడిపెలుంటే థోమిసస్ అనే ప్రజాతిలో ఆడది. మగది చాలా చిన్నది. వల పన్నదు, పువ్వులో మాటేసి తనకన్నా పెద్ద ఈగనైనా పడుతుంది. కొన్ని జాతులు కొన్ని రోజుల్లో తెలుపు నుంచి పసుపుకి మారతాయి. లోపలి రసం పీల్చేశాక కూడా ఈగ పైకి చెక్కుచెదరదు, అందుకే మీకు బతికున్నట్టే కనిపించింది.

పాతపుస్తకం: చూశారా, నేయని సాలీడు! దీన్ని లూత అనడమే న్యాయం.

పురుగులబడి: గుడ్లసంచి పట్టుతోనే అల్లుతుందండీ.

ఛందోమిత్ర: అయితే సాలె అన్నా తప్పులేదు. అది సరే, రెండో పాదంలో ‘చెంచే మంత్ర మూహించె’ని కూడా చెంచు, ఏ మంత్రము అనే విరవాలి. అక్కడా ఒత్తి చదివి కన్నప్ప చేత మంత్రాలు చదివించేస్తున్నారు!