వేబర్ క్లారినెట్ కన్సర్టోలు: ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి?

కొత్త శ్రోత:
మిత్రులకు నమస్కారం. మోట్జార్ట్ క్లారినెట్ కన్సర్టోను (వాద్యబృందం తోడుగా ఒకే వాద్యం ప్రధానంగా సాగే రచన) చాలాకాలంగా వింటున్నాను. ఇప్పుడు తరువాతి తరం రచనలు వినాలని ఉంది. జర్మన్ స్వరకర్త వేబర్ మొదటి కన్సర్టో కోసం వెతికితే లెక్కలేనన్ని రికార్డింగులు కనిపిస్తున్నాయి. ఎంచుకునేటప్పుడు ఏమి గమనించాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

పాత రికార్డులు:
వాయించేవారి పేరుకన్నా ముందు వారు ఏ స్వరప్రతిని అనుసరించారో చూడమని నా సలహా. వేబర్ 1811లో మ్యూనిక్ ఆస్థాన వాద్యకారుడైన హైన్‌రిష్ బేర్‌మన్ కోసం మొదట కన్సర్టినో, అంటే చిన్న కన్సర్టో (ఓపస్, అంటే రచన సంఖ్య, 26) రాశారు. అది మెచ్చిన బవేరియా రాజు మరో రెండు రాయమని కోరగా, ఎఫ్ మైనర్‌లోని మొదటి కన్సర్టో (ఓపస్ 73), ఇ ఫ్లాట్ మేజర్‌లోని రెండవది (ఓపస్ 74) అదే ఏడాది పూర్తయ్యాయి. బేర్‌మన్ కుమారుడు కార్ల్ తరువాత సిద్ధం చేసిన ప్రతి వేబర్ రాతప్రతికి చాలాచోట్ల భిన్నంగా ఉంటుంది, అలంకారాలు ఎక్కువ. మొదటి కన్సర్టో తొలి భాగంలో చాలామంది వాయించే కడెన్జా (వాద్యకారుడు ఒంటరిగా నేర్పు చూపే ఘట్టం) కూడా హైన్‌రిష్ బేర్‌మన్ చేర్చినదే. ఆ కడెన్జా వస్తుందా రాదా అని వింటే చాలు, వాయించేవారు ఎటు మొగ్గారో కొంత తెలిసిపోతుంది. నాకైతే అది లేకుండా వినడమే ఇష్టం, ఎందుకంటే అప్పటిదాకా బిగుసుకుంటూ వచ్చిన విషాదాన్ని అది విన్యాస ప్రదర్శనగా మార్చేస్తుంది.

రెండవ పరీక్ష నెమ్మదిగా సాగే భాగం. అందులో క్లారినెట్ హార్న్‌లతో (ఇత్తడి ఊదువాద్యాలు) కలిసి ప్రార్థనాగీతంలా సాగే ఘట్టం ఉంది. అక్కడ హార్న్‌లను వెనక్కి నెట్టిన రికార్డింగును నేను పక్కన పెడతాను.

రెల్లుపుల్ల:
పాత రికార్డులు గారితో ఏకీభవిస్తూనే, వాద్యం సంగతి కూడా చేర్చాలి. జబీనె మేయర్ జర్మన్ పద్ధతి మీటల క్లారినెట్ వాయిస్తారు. బ్లోమ్‌స్టెట్ నిర్వహణలో డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లె వాద్యబృందంతో ఆమె చేసిన రికార్డింగులో నాదం నిండుగా, చీకటిగా వినిపిస్తుంది. మార్టిన్ ఫ్రోస్ట్ టపియోలా సిన్‌ఫొనియెట్టా వాద్యబృందంతో బిస్ రికార్డింగు సంస్థకు చేసినది ఇంతకన్నా చురుకైనది, అతి తక్కువ ధ్వనితో వాయించే చోట్ల ఊపిరి బిగపట్టి వినాల్సిందే. ఆ కాలపు వాద్యం ఎలా పలికేదో తెలియాలంటే ఆంటొనీ పే రికార్డింగు వినండి. స్వరస్వరానికీ రంగు మారే తీరు ఆధునిక వాద్యంలో దొరకదు.

కొత్త శ్రోత:
ధన్యవాదాలు. మరి ఆ కాలపు స్వరకర్తలు స్పోర్, క్రుసెల్ మాటేమిటి?

పాత రికార్డులు:
ముందు క్రుసెల్. ఫిన్లాండ్‌లో పుట్టిన ఆయన స్వయంగా క్లారినెట్ విద్వాంసుడు కనుక ప్రతి పదబంధమూ ఊపిరికి అనువుగా ఉంటుంది. ఎఫ్ మైనర్‌లోని రెండవ కన్సర్టోతో ఎమ్మా జాన్సన్ 1984లో బీబీసీ యువ సంగీతకారుల పోటీ గెలిచారు. ఆమె రికార్డింగు గానీ, హైపీరియన్ సంస్థకు థియా కింగ్ చేసినది గానీ నిస్సందేహంగా తీసుకోవచ్చు.

స్పోర్ వయొలిన్ విద్వాంసుడు. మొదటి కన్సర్టోలో క్లారినెట్‌కు అలవాటులేని స్వరాలు రాస్తే, దాన్ని వాయించాల్సిన క్లారినెట్ విద్వాంసుడు హెర్మ్‌స్టెట్ రచనను మార్చమనకుండా తన వాద్యాన్నే బాగుచేయించుకున్నారు. మైకేల్ కాలిన్స్ వాయించినవి వినండి. స్పోర్ రాసిన నాలుగు క్లారినెట్ కన్సర్టోలనూ ఒకేసారి వినబోకండి, నాలుగవదానితో మొదలుపెట్టండి. అది కాస్త మంద్రమైన ఎ క్లారినెట్‌కు రాసినది, మోట్జార్ట్ నుంచి వచ్చేవారికి ఆ నాదం పరిచయమే.