రుజువును కంప్యూటర్ చూసి ‘సరే’ అంటే చాలా?

నాగావళి_కుర్రాడు: శ్రీకాకుళంలో మా డిగ్రీ కాలేజీలో లీన్ నేర్పమని అడిగాం. రుజువును మెట్టు మెట్టుగా సరిచూసే సాఫ్ట్‌వేర్ అది. “రుజువు మనిషి చదవాలి” అని తోసేశారు. మీరేమంటారు?

కోట_మాస్టారు (విజయనగరం): మంచి పని చేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుంటే పట్టేదెవరు బాబూ?

నాగావళి_కుర్రాడు: మనుషులు పట్టేశారా మాస్టారూ? ఏ మ్యాపులోనైనా పక్కపక్క దేశాలకు వేర్వేరు రంగులేయడానికి నాలుగు రంగులు చాలంటుందే, ఆ నాలుగు రంగుల సిద్ధాంతానికి కెంప్ 1879లో ఇచ్చిన రుజువు తప్పని హీవుడ్ అనే గణితజ్ఞుడు చెప్పేసరికి 1890 వచ్చింది. పదకొండేళ్లు!

కోట_మాస్టారు: నేనడిగింది అది కాదు. సాఫ్ట్‌వేర్‌ని ఎవరు చూస్తారు?

గంటస్తంభం: మా తాత కాలిక్యులేటర్ని ఇదే అడిగాడు.

నాగావళి_కుర్రాడు: రుజువు ఎంత పెద్దదైనా చివరికి తేల్చేది కెర్నెల్ అనే చిన్న భాగం. దాన్ని మనుషులే చదివి చూసుకోవచ్చు.

కోట_మాస్టారు: మా మేనల్లుడు చూపించాడులే. రెండులోంచి మూడు తీస్తే సున్నా అంటోంది!

నాగావళి_కుర్రాడు: సహజ సంఖ్యల్లో అడిగితే అంతే, అక్కడ మైనస్ లేదు. పూర్ణ సంఖ్యలని చెప్తే మైనస్ ఒకటే వస్తుంది.

కోట_మాస్టారు: చూశావా! ప్రశ్న తప్పుగా రాస్తే తప్పు ప్రశ్నకే ఒప్పు రుజువు ఇస్తుంది.

చీపురుపల్లి_అక్క: అది నిజమే. కానీ లీన్‌లో ఖాళీ వదిలి ‘సారీ’ అని రాస్తే, రుజువు బాకీ ఉందని కింద పసుపు గీత పెడుతుంది. పిల్లలు “సులభంగా తెలియును” అని దాటేస్తే మనం మార్కులేస్తాం.

కోట_మాస్టారు: ఎవరమ్మా వేసింది? పర్సనల్‌గా పోవద్దు.

నాగావళి_కుర్రాడు: నాకు పర్సనలే. రూట్ 2 కరణీయమని గైడులో లేని పద్ధతిలో రాశాను. రూట్ 2 పీ బై క్యూ అనే భిన్నమైతే పీ స్క్వేర్, రెండు క్యూ స్క్వేర్ సమానం కావాలి. రెండింటినీ ప్రధాన కారణాంకాలుగా విడగొడితే ఒకవైపు రెండ్లు సరిసంఖ్యలో, రెండోవైపు బేసిసంఖ్యలో వస్తాయి, కుదరదు. దిద్దినాయన సున్నా వేశాడు. ఫీజు కట్టి రీవాల్యుయేషన్ పెడితే మళ్లీ సున్నా. ఎక్కడ తప్పో పేపర్ మీద ఒక్క గీత లేదు. వారం కూర్చుని లీన్‌లో రాశాను, ఒప్పుకుంది.

కోట_మాస్టారు: అదా సంగతి! నీ గొడవ దిద్దినాయనతో అన్నమాట. నేనూ రోజుకు కట్టలు కట్టలు దిద్దినవాణ్ణే, గైడు పద్ధతి కనపడకపోతే కన్ను ముందుకు పోయేది. అయినా లీన్ ‘సరే’ అంది గానీ, ఎందుకో చెప్పిందా?

నాగావళి_కుర్రాడు: ఎందుకో నాకు ముందే తెలుసు. ‘సరే’ అనేవాళ్లే దొరకలేదు.

గంటస్తంభం: మాస్టారూ, మీరే దిద్దేయండి.

కోట_మాస్టారు: సున్నాలో రెండ్లు ఎన్నని లెక్కపెడతావు? క్యూ సున్నా కాదని రాశావా?

నాగావళి_కుర్రాడు: లీన్ కూడా సరిగ్గా అక్కడే ఆపేసింది మాస్టారూ. పేపర్లో రాయలేదు.

కోట_మాస్టారు: అయితే అర మార్కు తీసేవాణ్ణి.