చెన్నై అంబత్తూరు పాత వర్క్‌షాప్ స్థలం: మట్టి తవ్వి పంపాలా, అక్కడే వేడి చెయ్యాలా?

ఫిల్టర్‌కాఫీ: మా అపార్ట్‌మెంట్ గోడ అవతల పాత వర్క్‌షాప్ ఉండేది. ఇనుప సామాన్ల జిడ్డు కడిగిన ట్రైక్లోరోఇథిలీన్ అనే విషపు ద్రావకం ఏళ్ల తరబడి నేలలో ఇంకిందని పరీక్షలో తేలింది. బిల్డరేమో 4 మీటర్లు తవ్వించి లారీల్లో పంపేస్తానంటున్నాడు. నేలను అక్కడే వేడిచేసి తీసే పద్ధతి ఉందట కదా, ఏది నయం?

బోరుబావి: తవ్వెయ్యడమే. చెన్నై దగ్గర గుమ్మిడిపూండిలో ఇలాంటి వ్యర్థాలు పూడ్చే ల్యాండ్‌ఫిల్ ఉంది, అక్కడికి పోతే పీడ వదిలింది. వేడి చెయ్యాలంటే క్యూబిక్ మీటరుకి 200 యూనిట్ల కరెంటు పైమాటే.

మట్టిమనిషి: మాది గుమ్మిడిపూండేనండీ. మీ పీడ మాకు చుట్టమా? పైగా ఆ ద్రవం నీళ్లకంటే బరువు. నీటిమట్టం దాటి ఇంకా కిందికి దిగుతుంది. 4 మీటర్లు తవ్వితే పైది పోతుంది, అడుగుది మిగులుతుంది. తవ్వేటప్పుడు కొంత గాలిలో కలుస్తుంది కూడా. అదే నేలలో ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు పంపే లోహపు కడ్డీలు, దించి కరెంటు పంపితే మట్టి తడితో సహా వేడెక్కుతుంది. ట్రైక్లోరోఇథిలీన్ మరిగేది 87 డిగ్రీలకి, నీళ్లతో కలిసుంటే 73 దగ్గరే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బావుల్లోంచి పంపులతో లాగి, చల్లార్చి, యాక్టివేటెడ్ కార్బన్‌లో, అంటే రసాయనాల్ని పట్టి ఉంచే బొగ్గులో, పట్టేస్తారు.

రాణిపేట_అల్లుడు: ఇది అన్నిటికీ మందు కాదు సార్. మా అత్తారి ఊరు రాణిపేటలో క్రోమియం అనే లోహం వ్యర్థాల గుట్ట ఉంది. ఎంత కాచినా క్రోమియం ఆవిరవదు. వర్క్‌షాప్ అంటున్నారు కాబట్టి ప్లేటింగ్ (సామాన్లకి క్రోమియంలాంటి లోహపు పూత) కూడా చేశారేమో కనుక్కోండి. చేసుంటే లోహాల పరీక్ష విడిగా చేయించాలి.

బోరుబావి: సరే, మధ్యలో పంపు ఆగితే? ఆవిరి పక్కింటి గ్రౌండ్ ఫ్లోర్‌లోకి రాదా?

మట్టిమనిషి: వస్తుంది. మంచి ప్రశ్న. అందుకే పంపులకి జనరేటర్ తప్పనిసరి, పంపు ఆగిందంటే వేడి కూడా ఆపెయ్యాలి. పక్కిళ్లలో గాలి పరీక్షలు పని నడిచినన్నాళ్లూ జరగాలి. భూగర్భ జలం జోరుగా పారే చోట వేడి నిలవదు, ముందు ఆ ప్రవాహం కొలవాలి. ఇవేవీ చెయ్యనివాడు వేడి చేస్తానంటే నేనూ వద్దంటా.

ఫిల్టర్‌కాఫీ: గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది మా అమ్మే. ఇందాక బిల్డర్‌కి ఫోన్ చేసి లారీలు ఎక్కడికి వెళ్తాయని అడిగా. "అదంతా కాంట్రాక్టర్ చూసుకుంటాడు సార్" అన్నాడు. ప్లేటింగ్ సంగతి అడిగేలోపే పెట్టేశాడు.