తప్పులు దిద్దే కోడ్‌లు (అదనపు బిట్లు చేర్చి, దారిలో వచ్చిన తప్పుల్ని సరిచేసేవి) కట్టడానికి ఆల్జీబ్రా నిజంగా కావాలా, రాండమ్‌గా వెతికితే చాలదా?

పారిటీబిట్: ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన షానన్ 1948లోనే రాండమ్ కోడ్‌లు చాలని చూపించాడు కదండీ. గాలాగర్ ఎల్‌డీపీసీలు (ఒక్కో చెక్, అంటే బిట్ల మొత్తం సరిసంఖ్యేనా అని చూసే పరీక్ష, కొద్ది బిట్లనే ముట్టుకునే కోడ్‌లు) కూడా రాండమ్‌గా కట్టినవే, ఇవాళ 5జీ డేటా అంతా ఎల్‌డీపీసీ మీదే నడుస్తోంది. మరి రింగులు (కూడిక, గుణకారం రెండూ ఉన్న సమితులు), ఐడియల్స్ (వాటిలోని ప్రత్యేక ఉపసమితులు) అంటూ కొత్తవాళ్ళని బెదరగొట్టడం ఎందుకు?

శేషం: 5జీ ఉదాహరణ మీకే ఎదురుతిరుగుతుంది. ఆ కోడ్ చెక్‌లని రాసే మ్యాట్రిక్స్ నిండా ఉన్నది సర్క్యులెంట్ ముక్కలే, ఐడెంటిటీ మ్యాట్రిక్స్‌ని చక్రంలా జరిపినవి, ఊరికే చల్లేసిన మ్యాట్రిక్స్‌ని చిప్‌లో పెట్టాలంటే వైరింగ్‌కే ప్రాణం మీదికొస్తుంది. హామింగ్ కోడ్ సంగతీ అంతే, నాలుగు బిట్లని పాలినామియల్‌గా రాసి ఎక్స్ క్యూబ్ ప్లస్ ఎక్స్ ప్లస్ 1తో గుణిస్తే ఏడవుతాయి, ఒక తప్పుని దిద్దుకోవచ్చు, చిన్న షిఫ్ట్ రిజిస్టర్ (బిట్లని ఒక్కో అడుగు జరిపే సర్క్యూట్) సరిపోతుంది.

పారిటీబిట్: సరే, అది హార్డ్‌వేర్ సౌకర్యం అనుకుందాం. క్వాంటమ్‌లో 2024లో ఐబీఎం వాళ్ళ 144 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) కోడ్, వాటిలో దాచిన 12 లాజికల్ క్యూబిట్లు, డిస్టెన్స్ (పట్టుబడకుండా సమాచారాన్ని చెడగొట్టడానికి కావలసిన కనీస తప్పుల సంఖ్య) 12, అది కంప్యూటర్‌తో వెతికి పట్టిందే కదా?

శేషం: వెతికారు, కాదనను. కానీ ఎక్కడ వెతికారో చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. క్వాంటమ్‌లో ఎక్స్ చెక్‌లూ జెడ్ చెక్‌లూ (రెండు రకాల తప్పుల్ని పట్టే కొలతలు) ఒకదానితో ఒకటి కమ్యూట్ అవ్వాలి, అంటే ఏది ముందు కొలిచినా రెండోది చెడకూడదు. ఎక్స్ చెక్‌లని పలచగా రాండమ్‌గా తీసుకున్నారనుకోండి, వాటికి సరిపడే జెడ్ చెక్‌లు దొరుకుతాయిగానీ దాదాపు ఎప్పుడూ దట్టంగా వస్తాయి, ఒక్కో చెక్ వందల క్యూబిట్లని ముట్టుకుంటే కొలిచేలోపే కొత్త తప్పులు వచ్చిపడతాయి. వాళ్ళు రెండు వేరియబుళ్ళ పాలినామియళ్ళు ఏ, బీ తీసుకున్నారు, ఒక్కోదాంట్లో మూడేసి టర్మ్‌లు, అంటే చెక్‌కి ఆరు క్యూబిట్లే. కమ్యూట్ షరతు కాస్తా ఏబీ ప్లస్ బీఏ సున్నా అవ్వడంగా మారుతుంది, రింగ్ కమ్యుటేటివ్ (గుణించే వరుస మారినా ఫలితం మారదు) కాబట్టి రెండూ ఒకటే, బైనరీలో ఒకే దాన్ని రెండుసార్లు కూడితే సున్నా! ఎలాంటి పాలినామియల్ పెట్టినా షరతు దానంతటదే తీరిపోతుంది, ఇక వెతకాల్సింది డిస్టెన్స్ కోసమే. ఇది లేకపోతే గడ్డివాములో సూదిని వెతికినట్టే.

సిండ్రోమ్: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ టర్మ్‌లు వచ్చే గ్రూప్ (గుణకారం ఉన్న సమితి) కమ్యుటేటివ్ కాకపోయినా పనవుతుంది, ఎడమవైపు నుంచి గుణించడం, కుడివైపు నుంచి గుణించడం ఎప్పుడూ కమ్యూట్ అవుతాయి, అసోసియేటివిటీ (బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా ఫలితం ఒకటే కావడం) చాలు. పాంటెలీవ్, కలాచెవ్ అనే పరిశోధకులు 2021లో లాజికల్ క్యూబిట్ల సంఖ్యా డిస్టెన్సూ రెండూ సైజుకి తగ్గ నిష్పత్తిలో పెరిగే క్వాంటమ్ ఎల్‌డీపీసీలని ఇచ్చినప్పుడు ఆధారపడింది దీనిమీదే. నాకు ఇప్పటికీ అది చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

పారిటీబిట్: ఎడమ కుడి సంగతి నాకు తట్టలేదండీ, ఒప్పుకుంటున్నా. అయితే చిన్న సైజుల్లో ఏ గ్రూప్, ఏ టర్మ్‌లు అన్నది మాత్రం ఇంకా కంప్యూటరే తేలుస్తోంది, ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.