చర్చ: ఒడిశా గంజాం జిల్లా తీరం పల్లెల్లో ఇళ్ల స్థలాలకి సునామీ మోడల్ మ్యాపు చూడాలా?

గంజాం తీరం: కంప్యూటర్ లెక్కలో సునామీ నీరు చేరే చోట కొత్త ఇళ్లు కట్టకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

వల బాబాయ్: 2004లో నాగపట్నం కొట్టుకుపోయింది గానీ మన ఒడ్డుకి అంత దెబ్బ తగల్లేదు. మనల్ని ముంచేది తుఫానే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ డబ్బేదో తుఫాను షెల్టర్లకి పెట్టండి. ఇల్లు దూరమైతే పడవనీ వలల్నీ ఎవరు కాపలా కాస్తారు?

బరంపురం మాస్టారు: బాబాయ్, 2004లో మనం తప్పించుకున్నది భూకంపానికి సముద్రం అడుగున చీలిక పడిన తీరు వల్ల. సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు, దాదాపు ఉత్తర దక్షిణాలుగా చీలింది. సునామీ బలం చీలికకి అడ్డంగా ఎక్కువ పోతుంది. అందుకే శ్రీలంక, తమిళనాడు అంతగా దెబ్బతిన్నాయి, మనం పక్కకి ఉండిపోయాం. చీలిక వేరే చోట వస్తే లెక్క మారిపోతుంది. 1762లో అరకాన్ తీరంలో, అంటే ఇప్పటి మయన్మార్ పడమటి ఒడ్డున, పెద్ద భూకంపం వచ్చింది. అలాంటిది మళ్లీ వస్తే మన దగ్గర నీరెంత లేస్తుందో తాతలు చెప్పలేరు, మోడల్ నడిపి చూడాల్సిందే.

మోడల్‌లో ముందు సముద్రం అడుగు ఎంత లేచింది, ఎంత కుంగింది అని లెక్క కడతారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పక్కన 8.6 తీవ్రతతో కంపించినా నేల పక్కకే జరిగింది కాబట్టి పెద్ద అల లేవలేదు. ఆ తర్వాత అల ప్రయాణం: 4,000 మీటర్ల లోతులో గంటకి సుమారు 700 కిలోమీటర్లు. లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇలాంటి లెక్కలు ముందే చేసి దాచుకుని, భూకంపం రాగానే దానికి దగ్గరగా ఉన్న లెక్కని తీసి హెచ్చరిక ఇస్తుంది.

రుషికుల్య ఒడ్డు: అల ఒడ్డుకి వచ్చేదాకా సరే మాస్టారూ, ఒడ్డెక్కాక సంగతేంటి? నీరు ఎంత లోపలికి వస్తుందో తేల్చేది నేల ఎత్తు. మా ఏటి మొగ జరుగుతూనే ఉంటుంది, ఇసుక దిబ్బలూ అంతే. పాత కొలతలు పెడితే మ్యాపులో గీత తప్పుతుంది, ఆ గీత చూపించి ఇల్లు ఖాళీ చేయమంటే అన్యాయం కాదా? ముందు పరుగెత్తే దారులు చూడండి. మన జిల్లా వెంకటరాయిపూర్‌కి 2020లో యునెస్కో నుంచి సునామీ సన్నద్ధ గ్రామంగా గుర్తింపు వచ్చింది.

వల బాబాయ్: దారులంటే ఒప్పుకుంటాను. వాటికి స్థలం వదలడానికి మా వాళ్లని నేనే అడుగుతాను.

గంజాం తీరం: ఉన్న ఇళ్లని కదపమని నేను అనను. కొత్తగా కట్టే బడికీ ఆస్పత్రికీ మాత్రం మ్యాపు చూడాలి. దిబ్బలు కొత్తగా కొలిచాకే ఆ మ్యాపు గీయాలి.